రెండో తరగతి బాబు మీద రోజుకో ఫిర్యాదు: సైకాలజిస్టు కంటే ముందు ఏమేం చూపించాలి?

కాకినాడ_కాజా
మా బాబుకి ఏడేళ్ళు, రెండో తరగతి. జూన్‌లో బడి మారాం. అప్పటి నుంచి డైరీ తెరవాలంటేనే భయం. "చెప్పిన మాట వినడు", "వరుసలో పక్కవాళ్ళను తోస్తాడు", "బోర్డు మీది రాసుకోడు". నిన్న పిలిపించి, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోవడం) ఉందేమో చూపించి రిపోర్టు తెమ్మన్నారు. ఇంట్లో నా ఒళ్ళో కూర్చుని కథ వింటే అరగంట కదలడు. బడిలో మైకులో ప్రార్థన మొదలవగానే చెవులు మూసుకుంటాడట. చొక్కా కాలర్ నమిలి నమిలి చిల్లులు పెట్టాడు. సాక్సు తొడగాలంటే పొద్దున్నే యుద్ధం. బడిలో మరుగుదొడ్డికి వెళ్ళడు, ఇంటికొచ్చేదాకా బిగబట్టుకుంటాడు. అత్తగారు దిష్టి అంటారు, మావారు గారాబం అంటారు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళడానికి నాకేమీ నామోషీ లేదు. కానీ అంతకంటే ముందు కళ్ళు, చెవులు, రక్తం లాంటివి చూపించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతబడి_పంతులు
అల్లరి పిల్లలు మా కాలంలోనూ ఉన్నారు. ఇప్పుడు ప్రతి అల్లరికీ ఒక పేరు, ప్రతి పేరుకీ ఒక డాక్టరు, ప్రతి డాక్టరుకీ ఒక ఫీజు. ఇంట్లో కుదురుగా ఉండి బడిలో ఆగడం చేస్తున్నాడంటే బడిలో భయం లేదన్నమాట. రెండు తగిలిస్తే దారికొస్తాడు.

నల్లబల్ల
పంతులుగారూ, ఆ రెండు తగిలించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళం, మాకు ఆ సలహా ఇవ్వకండి. కాజా గారూ, ఒళ్ళో వింటాడు, తరగతిలో వినడు అన్నారు చూడండి, నన్నడిగితే పట్టుకోవలసింది ఆ తేడానే.

చెవిపోగు
నేను ఆడియాలజిస్టును, వినికిడి పరీక్షలు చేస్తాను. కాజా గారూ, నాలుగు ప్రశ్నలు. నోరు తెరిచి నిద్రపోతాడా? గురక పెడతాడా? ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుందా? వెనక నుంచి మామూలు గొంతుతో పిలిస్తే ఒకసారి పలికి ఇంకోసారి పలకడా?

కాకినాడ_కాజా
నాలుగింటికీ అవుననే చెప్పాలి. జలుబు లేని నెల లేదు. పలకనిది ఎక్కువగా టీవీ ముందున్నప్పుడే కాబట్టి కావాలనే అనుకుంటున్నాం.

పాతబడి_పంతులు
మా తాతగారికీ అదే జబ్బు. వాకిట్లో అప్పులవాడు ఎంత అరిచినా వినపడేది కాదు, వంటింట్లో గారెల మూకుడు చప్పుడు మాత్రం వీధి అరుగు మీదికి వినపడేది.

చెవిపోగు
తాతగారి సంగతి తర్వాత చూద్దాం. కర్ణభేరి వెనకాల గాలి ఉండాలి. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో, అడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే కండ) పెరిగిన పిల్లల్లో ముక్కు నుంచి చెవికి గాలి వెళ్ళే గొట్టం సరిగా తెరుచుకోక అక్కడ నీరు చేరుతుంది. అది చిక్కబడి జిగురులా నిలిచిపోతుంది. నొప్పి ఉండకపోవచ్చు, చీము కారదు, బయటికి ఏమీ కనిపించదు. వినికిడి మాత్రం సాధారణంగా 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గుతుంది. మీ రెండు చెవుల్లో వేళ్ళు గట్టిగా పెట్టుకుని ఇంట్లో వాళ్ళతో కాసేపు మాట్లాడి చూడండి, దాదాపు అంత. ఎదురుగా, దగ్గరగా, ఫ్యాను ఆపి ఉంటే మాట అర్థమవుతుంది. నలభై మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు, టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడుతుంటే సగం పోతుంది. పైగా ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండదు. జలుబు తగ్గినప్పుడు బాగానే వింటాడు. "వాడికి కావాలంటే వినపడుతుంది" అనే మాట పుట్టేది అందుకే.

పరీక్ష పేరు టింపనోమెట్రీ. చెవిలో చిన్న రబ్బరు మొన పెడతారు, కొన్ని సెకన్ల పని. పిల్లవాడు జవాబు చెప్పనక్కర్లేదు. కర్ణభేరి మామూలుగా కదులుతుంటే కాగితం మీద గీత పైకి లేచి దిగుతుంది, వెనక నీరుంటే చదునుగా పోతుంది. దానితోపాటు సౌండ్‌ప్రూఫ్ గదిలో ఆడియోమెట్రీ, అంటే ఎంత చిన్న శబ్దం వినపడుతుందో కొలిచే పరీక్ష కూడా చేయించండి. చెవిలో టార్చి వేసి "గుబిలి లేదు, బాగానే ఉంది" అంటే దానితో సరిపెట్టుకోకండి.

సందేహాలరావు
చెవి సరిగా వినపడని వాడు మైకు చప్పుడుకు చెవులెందుకు మూసుకుంటాడు? ఇక్కడే లెక్క తప్పుతోంది.

చెవిపోగు
మంచి ప్రశ్నే. చిన్న శబ్దాలు అందకపోవడమూ, పెద్ద శబ్దాలు భరించలేకపోవడమూ ఒకే పిల్లవాడిలో ఉండొచ్చు. అది చెవి పనో, శబ్దాన్ని మెదడు తీసుకునే తీరో పరీక్ష చేస్తేగానీ తేలదు. ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను.

నల్లబల్ల
కళ్ళ సంగతి నేను చెబుతాను. మా బడిలో నాలుగో తరగతి కుర్రవాడు బోర్డు మీద "చెట్టు" ఉంటే "చెటు" అని, "పుస్తకం" ఉంటే "పుసకం" అని దింపుకునేవాడు. ఒత్తులన్నీ ఎగిరిపోయేవి. కొంతసేపు రాశాక పెన్సిలు పడేసి పక్కవాడి నెత్తి మీద ఒకటి వేసేవాడు. వాడి పుస్తకం తీసి అదే పాఠం చదివించాను, ఒత్తులతో సహా గడగడా చదివాడు. పుస్తకంలో కనిపించే ఒత్తు బోర్డు మీద కనిపించడం లేదంటే ఇంకేం కావాలి? పిల్లలకు ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే వాళ్ళు బడికి వచ్చినప్పుడు చూపించాను. దూరపు చూపు లోపం. కళ్ళజోడు వచ్చింది. వచ్చిన వారానికే "నాలుగు కళ్ళు" అని పిలిచారని జేబులో దాచేశాడు. అది ఇంకో కథ.

పాతబడి_పంతులు
రెండో తరగతిలో ఒత్తులు ఎగరగొట్టని పిల్లవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ప్రతివాడికీ కళ్ళజోడు తగిలిస్తామా?

నల్లబల్ల
అక్కడ మీతో ఏకీభవిస్తాను. ఒక్క తప్పు చూసి కాదు, ఎక్కడ తప్పుతున్నాడో చూసి చెప్పాలి. బోర్డు చూసి రాసేటప్పుడే ఒత్తులు పోతున్నాయంటే ముందు కళ్ళు చూపించాలి. పుస్తకం చూసి బాగా రాస్తూ, చెప్పి రాయించినప్పుడే పోతుంటే ముందు చెవులు. చూసి రాసినా, విని రాసినా, చదివినా అన్నిచోట్లా అదే గందరగోళమైతే, వయసు తగ్గ బోధన అందినా మారకపోతే అప్పుడు చదువుకు సంబంధించిన వైకల్యమేమో అని పరీక్ష చేయించాలి. నా బడి అనుభవంలో ఇది సులువైన జల్లెడ, డాక్టరు పరీక్షకు బదులు కాదు.

డల్లాస్_దోసకాయ
ఇక్కడ టెక్సాస్‌లో బడి పిల్లలకు నిర్ణీత తరగతుల్లో చూపు, వినికిడి పరీక్షలు చట్టప్రకారం చేస్తారు. మా అమ్మాయి రెండూ పాసైంది. అయినా డిక్టేషన్ రాస్తే వాక్యం మధ్యలో ఒక మాటో రెండు మాటలో ఖాళీ. మొదలు సరిగా ఉంటుంది, చివర సరిగా ఉంటుంది, నడుమ గండి. పగటి కలలు కంటోంది అని టీచరు రాసింది. ఒకరోజు ఇడ్లీ ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. రెప్పలు చిన్నగా కొట్టుకుంటున్నాయి, భుజం తట్టినా చలనం లేదు. కొద్ది సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టు తినేసింది. న్యూరాలజిస్టు ఒక కాగితం గాలిమర ఇచ్చి గబగబా ఊదమన్నారు. ఊదుతుండగానే మళ్ళీ అదే చూపు. మెదడు విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీ పరీక్షలో తేలింది: ఆబ్సెన్స్ మూర్ఛ. కింద పడరు, కొట్టుకోరు కాబట్టి మూర్ఛ అని ఎవరికీ తట్టదు. మందుతో బాగా అదుపులో ఉంది.

కాకినాడ_కాజా
బాబోయ్. ఇప్పుడు రాత్రంతా వాడి రెప్పలే చూస్తూ కూర్చుంటాను.

డల్లాస్_దోసకాయ
అలా కాదండీ. ఊరికే పరధ్యానంగా ఉన్న పిల్లలు తడితే ఉలిక్కిపడి చూస్తారు. ఇది మాట మధ్యలో, ముద్ద మధ్యలో కూడా వస్తుంది, తట్టినా ఆగదు. అనుమానముంటే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి, మనం వర్ణించి చెప్పేదానికంటే అది పనికొస్తుంది.

గోరింట_కొమ్మ
నా కూతురికి పన్నెండేళ్ళు, ఆటిజం, మాటలు లేవు. కిందటేడు ఉన్నట్టుండి ఎడమ చెంప మీద పిడికిలితో కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకుంటే మమ్మల్ని కరిచేది. అందరూ చెప్పింది ఒకటే, "ఈడొస్తోంది కదా, ఆటిజంలో ఇవన్నీ మామూలే". నిద్రమందు మోతాదు పెంచారు. మత్తుగా కూర్చుని అలాగే కొట్టుకునేది.

ప్రత్యేక బోధకురాలు ఒక నోటుబుక్కు పెట్టించారు. కొట్టుకునే ముందు ఏం జరిగింది, ఎంతసేపు కొట్టుకుంది, తర్వాత ఏం జరిగింది, టైముతో సహా. రాస్తూ పోతే పేజీలన్నీ ఒకే మాట చెప్పాయి: భోజనం అయ్యాక, పడుకున్నాక. ఇష్టమైన జంతికలు ముట్టడం మానేసింది. పెరుగన్నం కూడా కుడివైపే పెట్టుకుని మింగేది. దంతవైద్యుడు మత్తిచ్చి చూస్తే ఎడమ దవడ కింది పన్నుకు చీము పట్టి ఉంది. పన్ను తీశాక ఆ కొట్టుకోవడం పోయింది. ఆటిజం ఉంది, ఉంటుంది. పన్నునొప్పి మాత్రం ఆటిజం లక్షణం కాదు.

మాటలు రాని పిల్లల్లో ప్రవర్తన హఠాత్తుగా మారితే ముందు నొప్పి వెతకండి. పళ్ళు, చెవి, కడుపు, మూత్రం మంట, చెప్పు కరిచిన చోటు, ఆడపిల్లలకైతే నెలసరి. ఒకటి తర్వాత ఒకటి చూసుకుంటూ పోవడమే.

వరంగల్_వాన
కన్నీళ్ళొచ్చాయండీ చదువుతుంటే.

మందుల_కొట్టు
కాజా గారు బిగబట్టుకోవడం గురించి రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. రోజూ అలా ఆపుకుంటే మలం గట్టిపడుతుంది, వెళ్ళాలంటే నొప్పి, నొప్పికి భయపడి మళ్ళీ ఆపుకోవడం. పేగు సాగిపోయి, వస్తోందన్న కబురే మొద్దుబారుతుంది. తర్వాత గట్టి ఉండ పక్క నుంచి పల్చగా కారి నిక్కరుకు అంటుతుంది. ఇంట్లో వాళ్ళు విరేచనాలనుకుని అవి ఆగే మందు అడుగుతారు, లేదా ఇంత పెద్దవాడివయ్యావని తిడతారు. మా కొట్టుకు వచ్చి అలా అడిగేవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపించేస్తాను. కడుపు నిండా మలబద్ధకం పెట్టుకుని బల్ల మీద గంటలకొద్దీ కుదురుగా కూర్చోమంటే పెద్దవాళ్ళమే కూర్చోలేం.

రెండోది రక్తం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇనుము తగ్గితే నీరసమే కాదు, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, రాత్రి కాళ్ళు ఆగకుండా కదపడం, మట్టీ సుద్దా బియ్యమూ తినడం కూడా ఉంటాయి. హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష) అడగండి. నా దగ్గరికే వచ్చి "రక్తం పట్టే టానిక్ ఇవ్వండి" అంటారు కానీ పరీక్ష లేకుండా ఐరన్ వాడకండి. పుట్టుకతో వచ్చే తలసీమియా మైనర్ అనే రక్తలోపం ఉన్నా హిమోగ్లోబిన్ తక్కువే కనిపిస్తుంది, దానికి ఐరన్ పనిచేయదు. సీసా పిల్లలకు అందేచోట పెట్టకండి, ఎక్కువ తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

కడుపులో పురుగులకు బడిలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించారా? రాత్రి వెనకవైపు దురదతో నిద్రలేచే పిల్లలుంటే నులిపురుగులేమో చూడండి. అప్పుడు మందు ఇంటిల్లిపాదికీ వేయాల్సి రావచ్చు, డాక్టరును అడగండి.

నిద్రగన్నేరు
నిద్ర గురించి నేనూ ఒక మాట. పెద్దవాళ్ళకు నిద్ర చాలకపోతే పగలు తూగుతారు. పిల్లలు చాలామంది తూగరు, ఇంకా రెచ్చిపోతారు. మా చిన్నమ్మాయి రాత్రి గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి మళ్ళీ గురక పెట్టేది. పక్క తడిసేది. పగలు సోఫాల మీద నుంచి దూకుడే. అడినాయిడ్స్, టాన్సిల్స్ తీయించాక గురక పోయింది, దూకుడు సగానికి తగ్గింది. మిగిలిన సగం వాళ్ళ నాన్న పోలిక.

సందేహాలరావు
ఇవన్నీ ఒప్పుకుంటాను. నా భయం వేరే. ఈ దారాన్ని చదివి, "అంతా శరీరంలోనే ఉంది" అనుకుని ఏడీహెచ్‌డీ, ఆటిజం పరీక్ష మానేసేవాళ్ళుంటారు. ఇంకోవైపు "సెన్సరీ" అనే బోర్డు పెట్టి ఊయల ఎక్కించి, బ్రష్షుతో ఒళ్ళు రుద్ది నెలకు వేలు గుంజే కేంద్రాలు వీధికొకటి. 2012లోనే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది: సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ (శబ్దం, స్పర్శ లాంటివాటిని మెదడు తీసుకునే తీరులో లోపం) అని విడిగా నిర్ధారణ రాయడం తగదు, ఆ చికిత్సకు ఆధారాలు పరిమితం అని.

ఊయల
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును, పిల్లలకు రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడతాను. పేరు చూసి నవ్వుకోండి. రావు గారు చెప్పిన ప్రకటన నిజమే. దాచేదేమీ లేదు. అదే ప్రకటనలో, లక్ష్యం ముందే రాసుకుని మార్పు వస్తోందో లేదో కొలుస్తూ ఆ చికిత్సను మొత్తం ప్రణాళికలో ఒక భాగంగా వాడుకోవచ్చనీ ఉంది. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం) శబ్దం, స్పర్శ, వెలుతురు లాంటివాటికి అతిగా గానీ మరీ తక్కువగా గానీ స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. ఈ సెన్సరీ చికిత్సకు ఆద్యురాలు జీన్ ఏయర్స్ 1960లు, 70లలో చెప్పినవన్నీ రుజువు కాలేదు. కానీ సాక్సు కుట్టు వేలికి ఒరుసుకుంటే ఏడ్చే పిల్లవాడి ఏడుపు మాత్రం అబద్ధం కాదు.

కాజా గారూ, పైసా ఖర్చు లేనివి ముందు చూడండి. సాక్సు తిరగేసి తొడగండి, కుట్టు బయటికి వస్తుంది. చొక్కా మెడ దగ్గరి లేబుల్ కత్తిరించండి. బడిలో బెంచీ మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతున్నాయా? కాళ్ళు గాల్లో వేలాడే పిల్లవాడు జారిపోకుండా నిలబడటానికే ఒళ్ళంతా కదుపుతూ ఉంటాడు. కింద ఒక పీట వేయించండి. ప్రార్థనలో మైకుకు దూరంగా నిలబెట్టమనండి. వరుసలో మొదటో చివరో నిలబెడితే ముందూ వెనకా ఇద్దరు ఒరుసుకోరు. తోయడం ఎప్పుడొస్తోందో అడగండి, నాకు తెలిసి వెనకవాడు తగిలినప్పుడే.

సందేహాలరావు
డబ్బు తీసుకోకుండా ఇంత చెప్పారు కాబట్టి మిమ్మల్ని నా అనుమానాల జాబితాలోంచి తీసేస్తున్నాను. తాత్కాలికంగా.

పాతబడి_పంతులు
బెంచీ ఎత్తు సంగతి నిజం. ఒకటో తరగతి వాళ్ళకు అయిదో తరగతి బెంచీలు వేసే బడులు చాలా చూశాను. చెవి సరే, కన్ను సరే, బెంచీ సరే. కాలర్ నమలడం కూడా ఆరోగ్య సమస్యేనా?

ఊయల
కొందరు దవడకు పని చెబితే కుదుటపడతారు. కొందరికి ఇనుము లోపం. కొందరికి దంతం వస్తోంది. కొందరికి ఉత్త అలవాటు. అందుకే మందుల కొట్టు గారు చెప్పిన రక్తపరీక్ష ముందు, నా సలహా తర్వాత.

కాకినాడ_కాజా
ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళొచ్చాం. రెండు చెవులకూ గీత చదునే. ఆడియోమెట్రీలో కుడి 30, ఎడమ 25 డెసిబెల్స్ (అంకె పెరిగేకొద్దీ వినికిడి తక్కువట). అడినాయిడ్స్ పెద్దవిగా ఉన్నాయి. చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుందట, అప్పటికీ ఉంటే గ్రోమెట్స్ (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు) పెట్టడం, అడినాయిడ్స్ తీయడం గురించి ఆలోచిద్దామన్నారు. కళ్ళ డాక్టరు చుక్కల మందు వేసి చూశారు. దూరం బోర్డు అక్షరాలు చదివేశాడు కానీ చుక్కల తర్వాత ప్లస్ పవర్ బయటపడింది, దగ్గరి పనికి కళ్ళు కష్టపడుతున్నాయట. ఫెరిటిన్ రిపోర్టు ఇంకా రాలేదు.

టీచరుకు రిపోర్టు చూపించాను. మొదటి వరుసలో కుడివైపు గోడ పక్కన కూర్చోబెట్టారు. వరుసలో చివర నిలబెడుతున్నారు, తోయడం గురించి డైరీలో రాయడం ఆగింది. రాత మాత్రం అలాగే ఉంది, సాక్సు తిరగేసినా యుద్ధం ఆగలేదు. ఏడీహెచ్‌డీ రిపోర్టు తేవాల్సిందేనని హెడ్‌మిస్ట్రెస్ పట్టు.

చెవిపోగు
గోడ పక్కన ఎందుకు? ఎడమ చెవి కొంచెం మేలు కదా, కుడివైపు గోడ ఉంటే ఎడమ చెవి తరగతి వైపు ఉంటుంది. సరిగానే కూర్చోబెట్టారు, ఆ టీచరుకు దండం. పేరు పిలిచి, ముఖం చూశాక మాట చెప్పమనండి. మూడు నెలల తర్వాతి పరీక్ష మాత్రం మానొద్దు. బాగున్నట్టు కనిపిస్తే జనం అక్కడే ఆపేస్తారు.

సందేహాలరావు
ఏడీహెచ్‌డీ పరీక్ష కూడా చేయించండి. చెవిలో నీరు ఉన్నంత మాత్రాన అది ఉండకూడదని లేదు. ఈ చెవి, కళ్ళ రిపోర్టులు అక్కడికి తీసుకెళితే వాళ్ళు అంచనా వేసేటప్పుడు పనికొస్తాయి.

నల్లబల్ల
హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇంకో సంగతి. ఏ రిపోర్టు వచ్చినా అది బడి నుంచి పంపించెయ్యడానికి కాగితం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో చదువుకు సంబంధించిన నిర్దిష్ట వైకల్యమూ ఉంది, ఆటిజమూ ఉంది. బడి చేయవలసిన ఏర్పాట్లు చేయాల్సిందే.

వరంగల్_వాన
నాదీ ఇలాంటి కథే. పాపకు తొమ్మిదేళ్ళు, సర్కారు బడి. డిక్టేషన్‌లో మాటల చివర్లు పోతాయి, ఇంట్లో పుస్తకం బాగానే చదువుతుంది. ప్రైవేటులో ఇన్ని పరీక్షలు చేయించే స్థోమత లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చెవిపోగు
మీరు చెప్పినదాన్ని బట్టి ముందు చెవి.

నల్లబల్ల
ఆర్‌బీఎస్‌కే 2013లో మొదలైంది, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితం. వాళ్ళ బృందం బడికి ఎప్పుడొస్తుందో హెడ్‌మాస్టరును అడగండి. ఆలస్యమయ్యేలా ఉంటే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం) నేరుగా తీసుకెళ్ళండి. మానసిక ఎదుగుదల పరీక్షలు కూడా అవసరమనిపిస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. వెళ్ళేటప్పుడు పాప డిక్టేషన్ పుస్తకం, చూసి రాసిన పుస్తకం రెండూ సంచిలో పెట్టుకోండి. ఆధార్ జిరాక్సు మర్చిపోవద్దు. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం కాకముందే ఓపీ చీటీలు ఇవ్వడం ఆపేస్తారు.